"తాగేది మీవాళ్ళే, చదివేది మీరే" అన్నారు. దూబగుంట సాక్షిగా ఒక లెక్క

పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని పూర్తిగా చదవండి.

మొన్న మా కాలేజీలో డిబేట్ పెట్టారు. మందు, సిగరెట్, ఖైనీ లాంటి ఆరోగ్యం చెడగొట్టే అలవాట్ల మీద ప్రభుత్వం ఎక్కువ పన్ను వెయ్యడం న్యాయమా, కాదా అని. మా హాస్టల్ నుంచి ముగ్గురం పేర్లిచ్చాం. న్యాయం కాదు అనే వైపు నిలబడ్డాం. రేటు పెంచితే తాగేవాడు మానడు, ఇంట్లో బియ్యం డబ్బులు పోతాయి, దెబ్బ ఆడవాళ్ళకూ పిల్లలకూ తగులుతుంది అని చెప్పాం. అది మేము పుస్తకంలో చదివిన మాట కాదు, ఇంట్లో చూసిన మాట.

అవతలి వైపు నుంచి ఒకతను లేచి నవ్వుతా అన్నాడు: "తాగేది మీవాళ్ళే. ఆ పన్నుతో హాస్టల్లో తిని చదివేది మీరే. ఇంక మీకు బాధేంది?"

హాలంతా నవ్వింది. మాకు నోట మాట రాలేదు. హాస్టల్‌కు నడిచి వచ్చేదాకా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడుకోలేదు. కోపం కంటే ఎక్కువ అనుమానం పట్టుకుంది. నిజమేనా? మా నాయనలు తాగిన సీసాల మీద వచ్చిన పన్నుతోనేనా మా మెస్ నడిచేది?

అప్పటినుంచి ఖాళీ దొరికినప్పుడల్లా లైబ్రరీలో వెతికాం, ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్ళను అడిగాం. మేము ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య పల్లెల వాళ్ళం, యానాదులం. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదని తెలిసింది. రాష్ట్రం మొత్తాన్ని కదిలించిన సారా ఉద్యమం మా పక్క మండలంలో, కలిగిరి మండలం దూబగుంటలో మొదలైంది. కానీ ఆ కథ అర్థం కావాలంటే దానికి వంద సంవత్సరాల ముందు నుంచి రావాలి.

ఈ పన్ను ఎవరి ఆరోగ్యం కోసం పుట్టింది?

తాగుడు మీద పన్ను జనం ఆరోగ్యం కోసం పుట్టలేదు. ఖజానా కోసం పుట్టింది. దీనికి సాక్ష్యం మన గిరిజనుల చరిత్రలోనే ఉంది.

గోదావరి జిల్లా రంప కొండల్లో కొండరెడ్లు, కోయలు తాటిచెట్లకు, జీలుగుచెట్లకు కల్లు గీసుకుని తాగేవాళ్ళు. వాళ్ళకు అది ఎండాకాలంలో సగం తిండి. చెట్టు వాళ్ళది, గీసేది వాళ్ళు, తాగేది వాళ్ళు. అందులో అమ్మకం లేదు, కొనుగోలు లేదు. బ్రిటిష్ ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంట్లో తాగడానికి కూడా కల్లు గీసుకోకూడదు అంది. కల్లు మీద వసూలు హక్కును కంట్రాక్టర్లకు ఇచ్చేసింది. దానికి తోడు అక్కడి మన్సబుదారు "చిగురుపన్ను" అని ఇంకో పన్ను వేశాడు. అప్పటికే అప్పులు, కోర్టు దావాలు, పోలీసుల దౌర్జన్యాలతో విసిగి ఉన్న జనం 1879 మార్చిలో తిరగబడ్డారు. తమ్మన్నదొర లాంటి వాళ్ళు ముందు నిలబడ్డారు. మద్రాసు నుంచి సైన్యం దించాల్సి వచ్చింది. అల్లూరి సీతారామరాజు పోరాటం మనందరికీ తెలుసు. దానికి నలభై ఏళ్ళకు పైగా ముందే జరిగిన ఈ రంప పితూరీకి ఒక ముఖ్య కారణం కల్లు మీద పన్ను అని మాత్రం చాలామందికి తెలియదు.

ఆ తర్వాత 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. అప్పట్లో నెల్లూరు జిల్లా కూడా మద్రాసు కిందే ఉండేది. కల్లు గీసే చెట్టుకు చెట్టు పన్ను. సారాకు సుంకం. దుకాణానికి వేలంపాట. ఎవడు ఎక్కువకు పాడితే దుకాణం వాడిది. ఇక్కడ ఒక మాట గమనించండి. ఎక్కువకు పాడుకున్నవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే ఏం చెయ్యాలి? ఎక్కువ తాగించాలి. పన్ను పేరుతో తాగుడును అదుపు చేస్తున్నాం అంటారు, కానీ పద్ధతి మాత్రం తాగుడు పెరిగితేనే అందరికీ లాభం వచ్చేటట్టు ఉంటుంది. మేము ఈ పోస్టులో చెప్పదలచుకున్న దాంట్లో సగం ఈ ఒక్క మాటే.

ఒక పన్ను పోతే ఇంకో పన్ను వచ్చింది

స్వాతంత్ర్య పోరాటంలో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగులు ఎందుకు జరిగాయో ఇప్పుడు అర్థమవుతుంది. తాగుడు చెడ్డది అన్నది ఒక కారణం, సర్కారు ఆదాయానికి గండి కొట్టడం రెండో కారణం.

1937లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి వెలిగొండలు దాటితే కడప జిల్లానే. అంటే కొన్నేళ్ళపాటు కొండకు అవతల నిషేధం, ఇవతల దుకాణం.

నిషేధంతో ఖజానాకు పడిన గండి ఎట్లా పూడ్చారు? 1939లో మద్రాసు జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం తెచ్చారు. సరుకుల అమ్మకం మీద పన్ను అన్నమాట. ఈరోజు మనం సబ్బు కొన్నా, పెన్ను కొన్నా కట్టే పన్నుకు అది తాత లాంటిది. తాగేవాడి మీద ఉన్న పన్ను తీసేసి, తాగనివాడితో సహా అందరి మీదా వేశారు. ఇది తప్పు అని మేము అనడం లేదు. కానీ ఒక సంగతి తేలింది. ప్రభుత్వం ఒక చేత్తో వదిలేసింది ఇంకో చేత్తో తీసుకుంటుంది. అందుకే "తాగుడు మీద పన్ను ఉండాలా వద్దా" అని మాత్రమే అడిగితే సగం ప్రశ్న అడిగినట్టు. "అది లేకపోతే ఎవరి దగ్గర తీసుకుంటారు" అన్నది మిగతా సగం.

1948 కల్లా మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక దీన్ని ఉంచాలా తియ్యాలా అని పెద్ద గొడవ. గీత కార్మికుల బతుకుతెరువు ఒక వైపు, ఖజానా ఇంకో వైపు. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. ఆ గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రాలో తాగుడు లెక్క మీద ప్రభుత్వాలు లేవడం, పడడం అప్పటినుంచే ఉంది.

39 కోట్ల నుంచి 812 కోట్లకు

తర్వాత నిషేధం సడలింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. మళ్ళీ వేలంపాటలు. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజ్ ఆదాయం 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లు దాటింది. ఇరవయ్యేళ్ళలో ఇరవై రెట్లు. రూపాయి విలువ పడిపోయింది అనుకున్నా ఇది మామూలు పెరుగుదల కాదు.

ఎట్లా పెరిగింది? 1980ల్లో "వారుణి వాహిని" అని పథకం పెట్టి, సర్కారే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోయించి సరఫరా చేసింది. అంతకుముందు తాగాలంటే దుకాణానికి పోవాలి. ప్యాకెట్ వచ్చాక దుకాణమే మనిషి దగ్గరకు వచ్చింది. జీపులో, సైకిల్ మీద, జేబులో. పొలం గట్టు మీదకు, కూలిపని జరిగే చోటికి, కాలనీ మొదట్లోకి. నీళ్ళ పంపు లేని ఊరికి కూడా సారా ప్యాకెట్ పోయేది.

మా కాలనీలో ఒక అవ్వ ఉంది. ఆ రోజుల్లో కొండకు పోయి కట్టెలు తెచ్చి అమ్మేది. తాత పొలాల కాడ కాపలా. తాతకు సారాయి అప్పు మీద ఇచ్చేవాళ్ళంట. కూలి డబ్బు ఇచ్చేరోజు ఆ అప్పు ముందే పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టేవాళ్ళంట. కొన్ని వారాలు మిగిలేది ఏమీ ఉండేది కాదు. అప్పుడు కిలో రెండు రూపాయల బియ్యం ఉంది, కార్డు కూడా ఉంది. కానీ ఆ రెండు రూపాయలు తాత ప్యాకెట్‌కు పోయేవి. ప్రభుత్వం ఒక కిటికీలో బియ్యం చవగ్గా ఇచ్చి, పక్క కిటికీలో ఆ డబ్బు లాక్కున్నట్టు. "సారా ఆదాయం లేకపోతే సంక్షేమ పథకాలు ఎట్లా నడుస్తాయి" అని అప్పుడు కూడా అనేవాళ్ళు. మొన్న మా డిబేట్‌లో అతను అన్నది కొత్త మాట కాదు. ముప్పై ఏళ్ళ పాత మాటే.

రాత్రిబడి నుంచి వేలంపాట దాకా

1991లో నెల్లూరు జిల్లాలో "అక్షర దీపం" పేరుతో పెద్ద ఎత్తున అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు కింద పలకలు పట్టుకున్నారు. వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం. తాగుడు వల్ల ఒక ఇల్లు ఎట్లా కూలిందో చెప్పే కథ. దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. వాళ్ళలో వర్ధినేని రోశమ్మ ఒకరు. తర్వాత రాష్ట్రమంతా ఆమెను దూబగుంట రోశమ్మ అనే పిలిచింది.

వాళ్ళు ముందు పద్ధతి ప్రకారమే పోయారు, అధికారులకు అర్జీలు ఇచ్చారు. పని కాలేదు. అప్పుడు ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఊరి బయటికి నడిచారు. ఇప్పటికీ చెప్పుకునే ఒక సంగతి ఉంది. ముందు కల్లు బండి వచ్చిందంట. ఆపి, కల్లు పారబొయ్యమన్నారు. నీకు నష్టం రాకుండా తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తామని కూడా అన్నారంట. తర్వాత వచ్చిన సారా జీపుకు అడ్డం నిలబడ్డారు. దుకాణం మూతపడింది.

ఆ తలా రూపాయి మాట మాకు చాలా నచ్చింది. పన్నుల న్యాయం గురించి మేము చదివిన ఏ పాఠంలోనూ ఇంత సూటిగా లేదు. తప్పు ఆపాలి, ఆపితే బతుకు పోయేవాడి నష్టం అందరం తలా కొంచెం మొయ్యాలి. కూలి చేసుకునే ఆడవాళ్ళకు ఆ లెక్క తెలిసింది.

దూబగుంట గెలుపు "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై మళ్ళీ రాత్రిబళ్ళకే వచ్చింది. ఒక ఊరి వార్త ఇంకో ఊరికి పాఠంగా చేరింది. కొండాపురం మండలం సాయిపేట, అనంతసాగరం వైపు పల్లెలు, ఇట్లా ఊరికి ఊరు లేచింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని కాపలా కాశారు. తాగొచ్చిన వాళ్ళకు జరిమానాలు వేశారు. ఎక్కువమంది ఎస్సీ, బీసీ, ఎస్టీ కూలి ఆడవాళ్ళే. "ఈనాడు" పత్రిక "సారాపై సమరం" అని రోజూ వార్తలు వేసింది. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ లాంటి వాళ్ళు తోడు నిలబడ్డారు.

1992 సెప్టెంబరులో నెల్లూరులో సారా వేలంపాట పెట్టారు. ఆడవాళ్ళు జరగనివ్వలేదు. వాయిదా వేశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా. రంప కొండల నుంచి వంద సంవత్సరాలుగా నడిచిన ఆ వేలంపాట యంత్రం మొదటిసారి మా జిల్లాలో ఆగిపోయింది.

మా అవ్వ రాత్రిబడికి పోలేదు. కానీ రోడ్డు మీద ఆడవాళ్ళు గుంపుగా పోతుంటే కట్టెల మోపు దించేసి కలిసిందంట. ఆ రోజుల గురించి అడిగితే ఒకటే మాట చెప్పింది: "అప్పుడు మమ్మల్ని ఎవురూ యానాదోళ్ళని దూరం పెట్టలేదు అబ్బయా. పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆ నాలుగు నెలలే."

గెలిచాక ఏమైంది

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద వాగ్దానం. డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజే ఎన్టీ రామారావు ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది.

మళ్ళీ అదే ప్రశ్న: గండి ఎట్లా పూడ్చాలి? 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర చేశారు. కరెంటు, బస్సు చార్జీలు కూడా పెరిగాయి. 1939లో జరిగిందే ఇంకో రూపంలో జరిగింది. తాగుడు ఆపమన్న ఆడమనిషే, తాగుడు ఆపినందుకు బియ్యం దగ్గర ఎక్కువ కట్టింది. ఇంకో వైపు దొంగ సారా, పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది. దాని స్థానంలో రంగు మారిన సీసాలు వచ్చాయి. తర్వాత పల్లెపల్లెకూ బెల్టు షాపులు. ప్యాకెట్ జీపు పోయింది, బెల్టు షాపు వచ్చింది. రోశమ్మ 2016లో చనిపోయేనాటికి ఆమె పోరాడిన మండలాల్లో కూడా పరిస్థితి ఇదే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. దూబగుంట ఉన్న కలిగిరిలోనే పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. ఆత్మకూరు వైపు మర్రిపాడు మండలం డీసీ పల్లిలో ఇంకోటి. సారా వేలంపాట ఆగిపోయిన నేల మీద పొగాకు వేలంపాట ఏటా జరుగుతుంది. మా వాళ్ళు చాలామంది ఆ తోటల్లో ఆకు కోతకు, బ్యారన్ల దగ్గర పనికి పోయినవాళ్ళే. పండించడానికి సర్కారు బోర్డు, అమ్మడానికి సర్కారు వేలం, తాగితే సర్కారు పన్ను, జబ్బు చేస్తే సర్కారు ఆసుపత్రి. రైతును తప్పు పట్టడం లేదు, మా మెట్ట నేలలో అతనికి వేరే దారి తక్కువ. కానీ "మీ ఆరోగ్యం కోసమే పన్ను" అని ఎవరైనా అంటే ఈ నాలుగూ కలిపి చూడాలని అంటున్నాం.

ఇప్పటి లెక్క

2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మద్యం షాపులు నడిపింది. 2020 మే నెలలో రేట్లు రెండు రోజుల్లో మొత్తం 75 శాతం పెంచారు. రేటు పెంచితే బీదవాడు తాగడం తగ్గిస్తాడు అన్నారు. 2024 అక్టోబరులో విధానం మార్చి 3,396 ప్రైవేటు షాపులకు లైసెన్సులు ఇచ్చారు, 99 రూపాయలకు క్వార్టర్ తెచ్చారు. చవకగా ఇస్తే బీదవాడు దొంగ సారా జోలికి పోడు అన్నారు. ఇది ఏ పార్టీ మీద పోస్టూ కాదు. రెండుసార్లూ చెప్పింది బీదవాడి పేరే అన్నది మాత్రం గమనించండి. బీదవాడిని, ముఖ్యంగా బీదవాడి భార్యను, రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

చిన్న లెక్క వేద్దాం. రోజుకు 400 కూలి వచ్చే మనిషి 99 రూపాయల క్వార్టర్ తాగితే ఆ రోజు సంపాదనలో నాలుగో వంతు పోయింది. నెలకు 60,000 జీతం ఉన్న ఉద్యోగికి రోజుకు 2,000. అదే సీసా అతనికి ఇరవయ్యో వంతు. సీసా మీద పన్ను ఇద్దరికీ ఒకటే, భారం మాత్రం ఒకటి కాదు. ఆదాయపు పన్ను మాదిరి ఇది మనిషిని చూసి పడదు.

అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది. రేటు పెరిగితే తాగుడు, పొగ తగ్గుతాయని చాలా దేశాల అనుభవం చెప్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పన్ను పెంచమనే చెప్తుంది. కొత్తగా అలవాటు పడబోయే కుర్రవాడిని రేటు ఆపగలదు. మా వయసు వాళ్ళకు అది మేలు. భారం బీదవాళ్ళ మీద ఎక్కువ పడినట్టే, మానేస్తే ఆరోగ్యం లాభం కూడా బీదవాళ్ళకే ఎక్కువ అంటారు. ఒప్పుకుంటాం.

కానీ అప్పటికే బానిసైన మనిషికి రేటు పెరిగితే అతను మానడు, ఇంట్లో ఇంకేదో మానిపిస్తాడు. ముందు కూర తగ్గుతుంది, తర్వాత పిల్లల ఫీజు ఆగుతుంది, తర్వాత చెవికమ్మ పోతుంది. అదీ చాలకపోతే బెల్లం, తుమ్మచెక్క వేసి కాచిన నాటుసారా. అదీ దొరక్కపోతే ఇంకా ఘోరం. 2020 జులై చివర్లో మాకు దగ్గరి ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా ఆంక్షలతో షాపులు మూసిన రోజుల్లో, శానిటైజర్ తాగి కనీసం పది మంది చనిపోయారు. బానిసకు రేటూ అడ్డం కాదు, తాళమూ అడ్డం కాదు. అతనికి కావాల్సింది వైద్యం. పన్ను వసూలు చేసే ఆఫీసు మండలానికి దగ్గరగా ఉంటుంది, తాగుడు మాన్పించే కేంద్రం మా కాలనీల నుంచి పోవాలంటే రోజు కూలి వదులుకుని బస్సెక్కాలి. అన్యాయం ఎక్కడుంది అంటే, మాకు కనిపించింది ఇక్కడే.

వేరే దేశాల్లో ఈ ముడి కొంచెం విప్పారు. థాయిలాండ్‌లో 2001 నుంచి మద్యం, పొగాకు పన్నులకు అదనంగా 2 శాతం వసూలు చేసి దాన్ని నేరుగా ప్రజారోగ్య నిధికి పంపుతున్నారు. ఫిలిప్పీన్స్‌లో 2012లో చట్టం తెచ్చి, పొగాకు, మద్యం మీద పెంచిన పన్నులో పెద్ద భాగాన్ని బీదవాళ్ళ ఆరోగ్య బీమాకు కేటాయించారు. అక్కడా లోపాలు ఉంటాయి. కానీ ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళ ఆరోగ్యానికే తిరిగి పోవాలన్న మాట చట్టంలో రాసుకున్నారు. మన దగ్గర ఎక్సైజ్ డబ్బు ఖజానా అనే పెద్ద కుండలో కలిసిపోతుంది. కలిశాక ఏ చుక్క ఎవరిదో చెప్పలేం.

మనకు లేని ఒక హక్కు

మన గ్రూపులో ఏజెన్సీ నుంచి చదువుకుంటున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకు ఉండాలి. అమలు ఎట్లా ఉందో మీరే చెప్పాలి. కానీ కాగితం మీదైనా ఉంది. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. మేము ఎస్టీలమే, యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ కూడా ఉంది, కానీ ఊరి చివర, చెరువు కట్ట మీద, కాలవ పక్కన చెదిరి ఉంటాం. మా కాలనీ ఆడవాళ్ళందరూ కలిసి బెల్టు షాపు వద్దన్నా ఆ మాటకు పెసా బలం లేదు. విచిత్రం ఏంటంటే, ఆ హక్కును ఏ చట్టమూ లేకుండానే చేతల్లో చూపించింది మా జిల్లా ఆడవాళ్ళే, పెసాకు నాలుగేళ్ళ ముందే.

అందుకే మాకు తేలింది ఇది. పన్ను రేటు ఎంత అన్నదాంట్లో మాత్రమే న్యాయం ఉండదు. రంపలో పైనుంచి పన్ను వేశారు, జనం తిరగబడ్డారు. 1995లో పైనుంచి నిషేధం పెట్టారు, రెండేళ్ళు నిలిచింది. 2020లో పైనుంచి రేటు పెంచారు, 2024లో పైనుంచి తగ్గించారు. 1992లో మాత్రం కిందనుంచి వచ్చింది, కట్టేవాళ్ళే తేల్చుకున్నారు. అప్పుడు వచ్చిన సారా నిషేధమే ఈరోజుకూ చట్టంలో నిలిచి ఉంది. తాగుడు మీద పన్ను ఉండొచ్చు. కానీ దాని వల్ల నష్టపోయే ఇంటిని అడిగి వెయ్యాలి, వచ్చిన దాంట్లో తెలిసేంత భాగం ఆ ఇంటి వైద్యానికి, ఆ పిల్లల చదువుకు చట్టప్రకారం తిరిగి రావాలి, ఊరి ఆడవాళ్ళు వద్దన్న చోట అమ్మకూడదు. ఈ మూడూ లేకుండా వేసే పన్నును ఆరోగ్యం పన్ను అనడం అబద్ధం.

ఇంక ఆ డిబేట్ అబ్బాయికి మా జవాబు. ఆలస్యంగానైనా చెప్తున్నాం.

తమ్ముడూ, మా ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. మద్యం మీద వచ్చే పన్ను రాష్ట్రానిది. కాబట్టి నీ లెక్క మొదట్లోనే తప్పింది. పోనీ, అంతా ఒకే కుండ అనుకుందాం. ఆ కుండలో మీ ఇంటి కారు పన్ను ఉంది, మా అమ్మ కొన్న సబ్బు పన్ను కూడా ఉంది. మా తాతలు తాగిన ప్రతి ప్యాకెట్ పన్ను కూడా ఆ కుండలోనే పడింది. అప్పుడు ఆ డబ్బుతో మా కాలనీకి బడి రాలేదు, రోడ్డు రాలేదు. ఎక్కడో ఇంకెవరికో వచ్చింది. వాళ్ళ పిల్లలను నువ్వు "యానాదోళ్ళు తాగితే చదువుకున్నారు" అని ఎప్పుడూ అనలేదు. మా అవ్వ కట్టెలమ్మిన రూపాయి మూడు చేతులు మారి ఖజానాకు పోయింది. దాంట్లో కొంచెం ఇన్నేళ్ళకు మా దగ్గరకు తిరిగొచ్చింది. అది నీ దానం కాదు.

ఇంకో మాట మనవాళ్ళకు. ఇతరులు నవ్వారని మనింట్లో తాగుడు లేదని దాచుకోవద్దు. ఉంది. చాలా ఉంది. మాలో ఇద్దరి నాయనలు దానివల్లే లేరు. అది చెప్పుకోవడం సిగ్గు కాదు. కానీ అది మన కులం గుణం అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ప్యాకెట్‌ను జీపులో కాలనీ దాకా తెచ్చి, అప్పు మీద పోసి, కూలిలో పట్టుకున్న చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే తలెత్తి మాట్లాడొచ్చు.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్ళో అవ్వలను అడగండి, 1992లో వాళ్ళు ఎక్కడున్నారని. వాళ్ళ మాటలు రాసి ఇక్కడ పెట్టండి. మా అవ్వ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళు ఉండగానే రాసుకోవాల్సింది మనమే.

పోస్టులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.